క్లోమం

కాలేయానికి మన ఇళ్లలో పేర్లకు కొదవ లేదు. కార్జం అంటాం, కాలిజం అంటాం, ఆస్పత్రికి వెళ్తే లివర్ అంటాం. దానికి పొరుగునే, జీర్ణాశయం వెనక అడ్డంగా, జానెడుకు కాస్త తక్కువగా ఉండే అవయవానికి మాత్రం ఇంటిమాట లేదు. పాఠ్యపుస్తకంలో అది క్లోమం, డాక్టరు నోట ప్యాంక్రియాస్.

క్లోమం సంస్కృతపు మాట. అక్కడా దానికి కుదురు లేదు. సుశ్రుతుడు దాన్ని గుండెకు దిగువన, కుడివైపు, కాలేయం సరసన చెప్పాడు. చరకుడు ఒంట్లో నీరు నడిచే దారులకు అంగిలీ క్లోమమూ మూలమన్నాడు. మోనియర్ విలియమ్స్ నిఘంటువులో అది కుడి ఊపిరితిత్తి. ఇవాళ్టి హిందీ సైన్సు పుస్తకాల్లో క్లోమ్ అంటే చేప మొప్ప. ప్యాంక్రియాస్‌ను వాళ్లు అగ్న్యాశయం అంటారు, మరాఠీవాళ్లు స్వాదుపిండం అంటారు. మధుమేహం ముదిరితే దాహం ఆగదు గనక చరకుడు చెప్పింది ఈ అవయవమేనని వాదించేవారున్నారు. వాదం బాగానే ఉంది గానీ సుశ్రుతుడి 'కుడివైపు' దానికి అడ్డొస్తుంది. ప్యాంక్రియాస్ తల కుడికి ఉన్నా, ఒళ్లూ తోకా ఎడమకే సాగుతాయి. గ్రీకుల ప్యాంక్రియాస్‌కు అర్థం 'అంతా మాంసమే'. కంటికి కనబడ్డదే పేరైంది. అది చేసే పని ఆ పేరులో లేదు.

ఈ అవయవానికి వచ్చే ఒక జబ్బు పేరు కూడా అలాంటిదే. 1959లో జుయిడెమా అనే వైద్యుడు ఇండోనేషియాలోని పేద రోగుల్లో దాన్ని వర్ణించాడు. తర్వాత కేరళలో డాక్టర్ గీవర్గీస్ పెద్ద సంఖ్యలో రోగులను పరీక్షించి రాశారు. మద్యం ముట్టని పిల్లలకు చిన్నప్పుడే కడుపునొప్పి మొదలవుతుంది. క్లోమనాళంలో సున్నపురాళ్లు పేరుకుంటాయి, ఎక్స్‌రేలో వెన్నెముకకు అడ్డంగా తెల్లటి ముక్కలై కనిపిస్తాయి. వయసు రాగానే మధుమేహం పట్టుకుంటుంది. దీనికి 'ట్రాపికల్' (ఉష్ణమండల) ప్యాంక్రియాటైటిస్ అని పేరుపెట్టారు. కారణం చెప్పాల్సిన చోట చిరునామా చెప్పారన్నమాట. తర్వాత కర్రపెండలంలోని సయనైడు మీద అనుమానం పడింది గానీ, అది తినని ప్రాంతాల్లోనూ జబ్బు కనిపించింది.

అసలు కారణంలో ఒక ముఖ్యమైన భాగం హైదరాబాదులో తేలింది. సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ రతన్ చాండక్ బృందం, నాగేశ్వర్ రెడ్డి తదితర వైద్యులతో కలిసి ఈ రోగుల జన్యువులను పరీక్షించింది. మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్‌ను క్లోమం ట్రిప్సినోజన్ అనే నిద్రాణ రూపంలోనే తయారుచేస్తుంది. అది మేలుకోవాల్సింది చిన్నపేగులో. ఒర దాటని కత్తి లాంటి ఆ రసం లోపలే మేలుకుంటే, క్లోమం తనను తానే అరిగించుకుంటుంది. అలా తొందరపడి మేలుకున్న ట్రిప్సిన్‌ను పట్టి ఆపేది స్పింక్1 అనే ప్రొటీన్. పాశ్చాత్య కుటుంబాల్లో వంశపారంపర్య జబ్బుకు 1996లో దొరికిన ట్రిప్సినోజన్ జన్యులోపం మన రోగుల్లో కనబడలేదు. వారిలో ఎక్కువగా కనిపించింది స్పింక్1లోని మార్పు: 34వ స్థానంలో ఆస్పరజిన్ బదులు సెరీన్. 2002లో ఆ ఫలితం అచ్చయింది. ఆ మార్పున్న ఆరోగ్యవంతులూ ఉన్నారు గనక అదొక్కటే కారణం కాదు. 2006లో అదే బృందం కెథెప్సిన్-బి జన్యువును కూడా ఈ లెక్కలోకి తెచ్చింది. అప్పటివరకు ఎండనూ పేదరికాన్నీ తిండినీ నిందిస్తూ వచ్చిన జబ్బు కథలో జన్యువులకూ వాటా దక్కింది.

వేల ఏళ్లు అర్థం కోసం తిరిగిన మాటకు ఇప్పుడు ఇంత స్పష్టమైన అర్థం ఉంది. మన నోళ్లలోనే అది ఇంకా కుదురుకోలేదు. అన్నం తినగానే పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయే పిల్లాడిని చూసి గ్యాస్ అంటాం, పురుగులంటాం. నొప్పి వీపులోకి పాకుతోందని, విరేచనం జిడ్డుగా నీళ్లమీద తేలుతోందని వాడు చెప్పినా, ఆ రెంటినీ కలిపే పేరు ఇంట్లో ఎవరికీ తట్టదు. అగ్న్యాశయం బాగుందనో, ఇంగ్లిషు మాట సుళువనో తగవు పెట్టుకునే సమయం దాటిపోయింది. మన బడిపుస్తకాల్లో తరతరాలుగా ఉన్న మాట క్లోమం. గుండె, కార్జం అన్నంత తేలిగ్గా దాన్ని అనడం అలవాటైతే, 'క్లోమం ఏమైనా దెబ్బతిందేమో చూస్తారా, డాక్టరుగారూ' అని ఒక తల్లి తనంతట తానే అడగగలదు.