మండువా లోగిలిలో ముసలివారి చోటు

ఇల్లు కట్టించుకొనేవారు ఈ కాలంలో ఇంజనీరుతో మొదట చెప్పే మాటలలో ఒకటి, "అమ్మానాన్నలకు కింద ఒక గది, దానికి ఆనుకొని స్నానాలగది ఉండాలి" అని. మోకాళ్ళ నొప్పులవారు మెట్లెక్కలేరు కనుక ఆ కోరిక సమంజసమే. అయితే ఆ గదిలోకి మనుమలు ఎందుకు వస్తారు? పిలిస్తే వస్తారు. పండుగనాడు కాళ్ళకు మ్రొక్కడానికి వస్తారు. పిలవకుండా, పనిలేకుండా, రోజుకు పదిమార్లు ఎదురుపడాలంటే ఇల్లు ఎలా ఉండాలన్నది వేరే ప్రశ్న. దానికి మన పాత మండువా లోగిళ్ళు ఒక జవాబు చెప్పాయి. ఆ జవాబులో కొంత గోడలది, కొంత ధర్మశాస్త్రానిది. ఈ రెండూ కలగాపులగం కావడంచేత ఉమ్మడి కుటుంబాన్ని పొగిడేవారు గోడల సంగతి మరచిపోతున్నారు. తెగడేవారు గోడలను కూడ కలిపి కూలగొడుతున్నారు. రెంటినీ విడదీసి చూడాలని నా ప్రయత్నం.

ముందు మాట సంగతి. మండువా ఇంటికి సంస్కృతంలో పేరు చతుశ్శాల. నాలుగు శాలలు, నడుమ ఆకాశం. (విసర్గను అలాగే ఉంచి చతుఃశాల అన్నా తప్పు కాదు. ఎందరో పిల్లలచేత ఈ సంధి విడదీయించాను గాని, వారిలో చాలమంది చతుశ్శాలను కంటితో చూసి ఉండరు.) ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యను చెబుతూ సర్వతోభద్రం, నంద్యావర్తం, వర్ధమానం, స్వస్తికం, రుచకం అని చతుశ్శాలల భేదాలను వివరించాడు. గమనించవలసినది ఏమంటే, ఆ భేదాలకు ఆధారం గదులు కావు, అలిందాలు. అంటే వసారాలు. ఏ వైపు వసారా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దానినిబట్టి ఇంటికి పేరు. పూర్వులు ఇంటిని గుర్తుపట్టింది పడకగదుల లెక్కతో కాదన్నమాట. కేరళవారి నాలుకెట్టు, మహారాష్ట్రుల వాడా, తెలంగాణలో భవంతి అనిపించుకొన్న ఇల్లు, అన్నీ ఈ కుదురులోనివే.

నేడు మన కోస్తా డెల్టాలో ఇంకా నిలిచి ఉన్న పెద్ద లోగిళ్ళకు మూలం భక్తికన్న, సంప్రదాయంకన్న, వడ్లు అని నా అభిప్రాయం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కృష్ణమీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువ నీళ్ళు పారిన ఊళ్ళలో పంట పెరిగింది, పంట దాచడానికి గాదెలు కావలసివచ్చాయి, గాదెలకు పెద్ద ఇల్లు కావలసివచ్చింది. సముద్రం మీదుగా రంగూను టేకు వచ్చింది. స్తంభాలకు, దూలాలకు, చెక్కడపు గుమ్మాలకు అది చక్కగా ఒదిగింది.

ఆ ఇంటి కప్పు నాలుగు వైపులనుండి లోపలికి వాలి ఉంటుంది. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్ళు నడిమి గుంటలో పడి రాతి తూముగుండా బయటికి పోతాయి. వెలుగు పైనుండి దిగుతుంది. వేడిగాలి అటునుండే పైకి పోతుంది. గుంట చుట్టూ స్తంభాల వసారా. వసారా వెనుక గదులు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. వంటింటినుండి వీధి గుమ్మానికి పోవాలన్నా, పెరటి నూతినుండి నీళ్ళబిందె తేవాలన్నా, పడకగదినుండి గాదె దగ్గరకు వెళ్ళాలన్నా వసారా మీదుగా నడవవలసిందే. మరో దారి లేదు. ఆ దారిలోనే తాతగారి పడక కుర్చీ. ఆ దారిలోనే నాయనమ్మ ఒత్తులు చేసుకొనే పీట. బడికి పోయే పిల్లవాడు ఆ కుర్చీని దాటాలి. దాటేటప్పుడు పలక మరచిపోయాడని తాతగారికి కనబడుతుంది. కోడలి చేతిలో చంటివాడు ఏడిస్తే ఎవరూ పిలవకముందే నాయనమ్మ చేతులు చాచుతుంది. ముసలివారి దగ్గరకు ఎవరూ ప్రత్యేకంగా వెళ్ళనక్కరలేదు, వారు దారిలో ఉన్నారు. వారికీ ఒకరి గదిలోకి తొంగిచూస్తున్నామనే సంకోచం లేదు. పలకరింపు ఇష్టం లేనినాడు కళ్ళు మూసుకొని పడుకొంటే సరి. అటు వెళ్ళేవారికి ఆయన నిద్రపోవడం లేదని తెలుసు, నిద్రపోతున్నట్లే నటిస్తారు. ఒకరినొకరు చూడకుండా కలిసి ఉండడానికి కూడ వసారాలో వీలుంది.

కట్టిన మేస్త్రీ ఇదంతా ఆలోచించి కట్టాడని నేననను. ఆయన వాన నీటి గురించి, దూలం పొడవు గురించి ఆలోచించాడు. ఫలితం మాత్రం ఇది.

లోపల మండువా చేసిన పనినే బయట వీధి అరుగు చేసింది. అరుగు ఇంటిదీ కాదు, వీధిదీ కాదు. ఎండకు ఆగిన బాటసారి కూర్చోవచ్చు, పంచాంగం వినిపించే అయ్యవారు కూర్చోవచ్చు. వీధిబడులు ఎన్నో అరుగుల మీద నడిచినవే. ఆంగ్లేయులు వాటిని 'పయల్ స్కూళ్ళు' అని వ్రాసుకొన్నారు. పయల్ అంటే అరుగే. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల లెక్క తీయించాడు. రాజధాని మొత్తంలో 12,498 బడులున్నట్లు తేలింది. ఆ లెక్కకు బళ్ళారినుండి 1823లో నివేదిక పంపిన కలెక్టరు ఎ.డి. క్యాంబెల్. తెలుగు పండితులకు ఈయన వేరే విధంగా పరిచితుడు, 1816లో అచ్చయిన తెలుగు వ్యాకరణం ఆయనదే. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద విద్యార్థులు చిన్నవారికి పాఠం చెప్పడం ఆ నివేదికలో ఉన్నాయి. ముసలి పంతులు, ఎదిగిన పిల్లవాడు, అక్షరాలు దిద్దే పసివాడు ముగ్గురూ ఒకే అరుగు మీద. వయస్సుకొక గది కట్టిన బడి ఆ తరువాతి సంగతి.

ఇంతవరకు చదివి 'ఆహా, ఆ రోజులు' అనుకోవద్దని మనవి. ఆ వసారాలో కుర్చీ తాతగారిది. విధవరాలైన మేనత్తకు చోటు వంటింటి వెనుక చీకటి వసారాలో. ఇంట్లో ఇరవైమంది తిరుగుతున్నా ఆమె ఎదురుపడడం అపశకునం. రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన ఎదిరించింది శాస్త్రాన్ని మాత్రమే కాదు, ఇటువంటి ఇళ్ళ లోపలి అమరికను కూడ. పొలంలో ఆ వడ్లు పండించినవారు పెరటిదారిన వచ్చి పెరటిదారినే పోయేవారు, మండువాను చూడలేదు. అసలు తెలుగువారిలో అత్యధికులు పూరిళ్ళలో ఉన్నారు. ఉత్తరకోస్తాలో గాలివానలకు తట్టుకొనే చుట్టిళ్ళలో ఉన్నారు. వారికి మండువా లేదు. చుట్టింటి చుట్టూ తిరిగే మట్టి అరుగు, ఊరిలో రచ్చబండ, చెట్టునీడ ఆ పని చేశాయి.

ఇక ధర్మశాస్త్రం. విజ్ఞానేశ్వరుని మితాక్షర మనకు ప్రమాణం. పదమూడవ శతాబ్దంలోనే కేతన దానిని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. దాని ప్రకారం పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు. కొడుకు తండ్రిని విడిచి పోలేడు, ఆస్తి అక్కడుంది. తండ్రి తన ఇష్టం వచ్చినట్లు అమ్ముకోలేడు, కొడుకు హక్కు అడ్డుంది. వసారా వారిని ఎదురుపడేటట్లు చేస్తే, మితాక్షర వారిని కదలకుండా కట్టివేసింది.

ఈ కట్టు ఎంత బిగువుగా ఉండేదో 1921 నాటి ప్రీవీ కౌన్సిలు తీర్పు ఒకటి చూపుతుంది. ఐ.సి.ఎస్. ఉద్యోగి అయిన ఒకరి చదువుకు ఉమ్మడి సొమ్ము ఖర్చయింది కనుక, ఆయన సంపాదన కూడ ఉమ్మడి ఆస్తియేనని తీర్పు. చదువుకొన్నవారు భగ్గుమన్నారు. 1930లో చట్టం వచ్చింది. చదువువల్ల వచ్చిన ఆర్జన, ఆ చదువుకు ఖర్చు పెట్టింది ఎవరైనా సరే, స్వార్జితమే అయింది. ఉమ్మడి ఇల్లు చెడిపోవడానికి కోడళ్ళను నిందించడం మనకు అలవాటు. కోడళ్ళకన్న ముందు ఈ చట్టాన్ని, దానికి ముందు జీతం అనే వస్తువును తలచుకోవాలి.

ఆడవారి హక్కు ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1937 చట్టం విధవకు భర్త వాటాలో జీవితకాలపు హక్కు ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి వాటా ఇచ్చింది గాని, నివాసగృహం దగ్గర ఆగిపోయింది. దాని 23వ సెక్షను ప్రకారం కుటుంబం కాపురమున్న ఇంటిని మగవారు పంచుకోనంతవరకు ఆడవారసురాలు పంచమని అడగరాదు. పెళ్ళికానిదో, విధవో, భర్త విడిచినదో అయితే మాత్రం కూతురు అందులో ఉండవచ్చు. పొలంలో వాటా ఉంది, వసారాలో లేదన్నమాట. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5నుండి పెళ్ళికాని కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటికీ కూతుళ్ళ జన్మహక్కు వచ్చింది, ఆ 23వ సెక్షను పోయింది. పోవలసిందే.

పంపకాలతో ఇల్లు ఏమైందో డెల్టా ఊళ్ళలో చూడవచ్చు. గదులు పంచవచ్చు, గాదెలు పంచవచ్చు, మండువాను పంచలేరు. నడుమ గోడ లేపుతారు. వాన నీరు ఎవరి వైపు తూము ఉందో అటు పోవాలి గనుక తగవు. చివరకు ఆకాశం ఉన్నచోట రేకు పడుతుంది. వసారా చీకటిగదిగా మారుతుంది.

చిత్రమేమంటే మరొక 23వ సెక్షను కూడ ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో. చూసుకొంటామన్న షరతుపై ఇల్లు వ్రాయించుకొన్న పిల్లలు చూసుకోకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయమని ముసలివారు ట్రిబ్యునలును కోరవచ్చు. అవసరమైన చట్టమే. కాని అది అన్నం పెట్టించగలదు, మందులు ఇప్పించగలదు. మనుమడిని కుర్చీ పక్కనుండి నడిపించలేదు.

కట్టివేసే శాస్త్రం లేకుండా ఎదురుపడే ఇల్లు కట్టడం సాధ్యమా అంటే, మనకు ఏ సంబంధమూ లేని చోట్ల చేసి చూపారు. డెన్మార్కులో 1967లో బోడిల్ గ్రే అనే ఆవిడ, పిల్లలకు నూరుగురు తల్లిదండ్రులుండాలి అనే శీర్షికతో పత్రికలో వ్యాసం వ్రాసింది. అటువంటి ఆలోచనలనుండి 1972లో సెట్టెడామెన్ అనే చోట 27 ఇళ్ళ సముదాయం వెలసింది. ఎవరి ఇల్లు, ఎవరి వంటిల్లు వారివే. అందరికీ కలిపి ఒక ఉమ్మడి ఇల్లు. తరువాత కట్టిన ఇటువంటి వాటిలో కార్లను ఊరవతలి చావిడిలాగా అంచున ఆపించి, ఇంటికి నడిచే బాటను ఉమ్మడి ఇంటి ముందునుండి పోనిచ్చారు. మన వసారా కిటుకే. నెదర్లాండ్సులో డెవెంటర్ పట్టణపు వృద్ధాశ్రమం ఒకటి 2012నుండి కళాశాల విద్యార్థులకు అద్దె లేకుండా గదులిచ్చింది. బదులుగా నెలకు 30 గంటలు మంచి పొరుగువారుగా మెలగాలి. సేవ చేయనక్కరలేదు, కలిసి భోజనం చేయడం, కబుర్లు చెప్పడం చాలు. ఆ పిల్లలెవరూ ఆ ముసలివారికి వారసులు కారు.

కనుక ఇల్లు కట్టించుకొనే మిత్రులు గది ఎంత పెద్దదని కాక, పటం మీద వ్రేలు పెట్టి వంటింటినుండి వీధి గుమ్మానికి, మెట్లనుండి భోజనాల బల్లకు నడిచి చూడాలి. ఆ రెండు దారులూ ఎక్కడ కలుస్తాయో అక్కడ ఒక కుర్చీకి, కొంచెం వెలుతురుకు చోటు మిగిల్చితే ఖర్చు ఎక్కువ కాదు. గది ఎలాగూ ఉండాలి. తలుపు వేసుకొనే హక్కు ముసలివారికీ కావాలి.

మన పట్టణాలలో అపార్టుమెంటు పెద్దలు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే కనిపెట్టారు. సాయంత్రం అయిదు దాటాక చూడండి. పైన గదులు, టీవీలు ఉన్నా, ప్లాస్టిక్ కుర్చీలు తీసుకొని కిందికి దిగి, లిఫ్టుకూ వాచ్‌మన్ బల్లకూ నడుమ కూర్చొంటారు. బడి బస్సు దిగిన పిల్లలు, ఆఫీసునుండి వచ్చేవారు, పాలప్యాకెట్టు కోసం వెళ్ళేవారు అందరూ ఆ కుర్చీలను దాటాలి. పటంలో మాత్రం అది కార్లు నిలిపే స్థలం. ఇక్కడ కూర్చోవద్దని అసోసియేషనువారు అప్పుడప్పుడు బోర్డు పెడుతుంటారు. కుర్చీలు నాలుగడుగులు పక్కకు జరుగుతాయి.