గాలపు వేట: కల్యాణి మొదలు గోదావరి దాక

ఆర్మూరు అంగడికి పసుపు తెచ్చిన రైతుతో, దొరలు వేలకొలది రూపాయలు వెచ్చించి, దారిచూపు మనిషిని కూలికి కుదుర్చుకొని, రోజంతయు మోకాలిలోతు చల్లని నీట నిలిచి, చేపను పట్టి, మరల దానిని నీటిలోనే విడిచిపెట్టుదురని చెప్పినచో అతడు నవ్వక మానడు. తినని చేపకు గాలమెందుకని యడుగును. ప్రశ్న న్యాయమైనదే. అయినను ఈ వినోదము మన గడ్డకు క్రొత్తది కాదు. ఆర్మూరునకు నైరృతి దిక్కుననున్న కల్యాణి నగరమున ఎనిమిది వందల యేండ్లకు పూర్వమే దీనికి శాస్త్రము వ్రాయబడినది.

కల్యాణి చాళుక్య చక్రవర్తియైన మూడవ సోమేశ్వరుడు 1138 వరకు రాజ్యమేలెను. బోధను, కొలనుపాక సీమలు ఆ వంశమువారి యేలుబడిలోనివే. ఈ రాజు మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. దానికే అభిలషితార్థ చింతామణి యని మరియొక పేరు. రాజనీతి, పాకశాస్త్రము, సంగీతము మొదలగు విషయముల నడుమ మత్స్యవినోదమను ప్రకరణమొకటి కలదు. అందు చేపలను పొలుసు గలవియు పొలుసు లేనివియు అనియు, సముద్రమునకు చెందినవియు నదికి చెందినవియు అనియు విడదీసి, సుమారు 35 జాతులను పేర్కొనెను. ఏ జాతికి ఏ మేత ప్రియమో, గాలపు కర్ర యెట్లుండవలెనో, త్రాడు దేనితో పేనవలెనో చెప్పెను. ఇంగ్లీషు భాషలో గాలపు వేటపై అచ్చయిన మొదటి గ్రంథము 1496 నాటిది. మన రాజు దానికంటె మూడున్నర శతాబ్దములు ముందున్నాడు.

ఇచ్చట నాకొక సందేహము కలుగును. నువ్వుల ముద్దకు ఏ చేప వచ్చునో, మాంసపు ముక్కకు ఏ చేప వచ్చునో చక్రవర్తి తానుగా బురదలో దిగి నేర్చెనని నేననుకొనను. ఏటి యొడ్డున పుట్టి పెరిగిన బెస్తలెవరో ఆయనకు చెప్పియుందురు. శ్లోకము రాజుది, తెలివి వారిది. వారి పేర్లు మాత్రము గ్రంథమునకెక్కలేదు.

ఇక దొరల మాట. వారి ముద్దు చేప ట్రౌటు. అది చల్లని కొండవాగులలో బ్రదుకును. నీటిపై వ్రాలు చిన్న పురుగులను తినును. కావున ఈకలను, దారమును గాలమునకు చుట్టి ఈగవలె భ్రమింపజేయుదురు. ఈ ఈగకు బరువు లేదు, బరువంతయు త్రాటిదే. త్రాటిని చెర్నాకోలవలె గాలిలో వెనుకకు ముందుకు ఆడించి, ఈగ నీటిపై మెల్లగా వ్రాలునట్లు విసరవలెను. ఇది చూచుటకు సులభము, చేయుటకు కష్టము. నీటి వేడి 20 డిగ్రీలు మించినచో ట్రౌటు సుఖముగా నుండలేదు. మన గోదావరి వేసవి నీటిలో దానిని విడిచినచో బ్రదుకజాలదు.

అందుచేత దొరలు కొండలను వెదకిరి. మద్రాసు సైన్యమున వైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1860 తరువాతి దశకమున నీలగిరులకు ఈ చేపను తెచ్చుటకు ప్రయత్నించి విఫలుడయ్యెను. గ్రుడ్లను మంచు నడుమ పెట్టి ఓడలలో సముద్రము దాటించుట సామాన్యమైన పనియా? పిమ్మట 1907 ప్రాంతమున విల్సన్ అనునతడు అవలాంచి యను చోట గ్రుడ్లు పొదిగించు శాలను నెలకొల్పగా, అది నీలగిరి వాగులలో నిలద్రొక్కుకొనెను. కాశ్మీరమున 1899లో మొదటి విడత గ్రుడ్లు చెడిపోగా, 1900లో రెండవ విడత దక్కినది. వాగులను వంతులుగా విభజించి, రోజుకింతయని రుసుము పుచ్చుకొని, ప్రక్కన దారిచూపు మనిషి నిలుచుండ వేటాడు పద్ధతి కాశ్మీరమున నేటికిని కలదు. పరదేశమున నున్నవాడు తన ఊరి వాగును కూడ మూటగట్టుకొని పోగోరును; అది మానవ సహజము. అయినను ఇంత శ్రమలో నాలుగవ వంతు ఇచ్చటి చేపకై పడియుండిన మేలుగా నుండెడిది.

ఇచ్చటి చేపయనగా మహసీరు. కృష్ణా గోదావరులలో నుండు దక్కను మహసీరును సైక్సు అను దొర 1839లో శాస్త్రజ్ఞులకు ఎరుకపరచెను. పెద్ద పొలుసు, బలమైన తోక. గాలము తగిలిన పిదప నదినే లాగుకొని పోవునట్లుండును. మద్రాసు సివిలు ఉద్యోగియైన హెన్రీ సలివన్ థామస్ 1873లో ఇండియా గాలపు వేటపై ప్రసిద్ధ గ్రంథము వ్రాసెను. 1887లో చెరువులలో గాలము వేయుటను గూర్చి మరియొకటి వ్రాసెను. చెరువుల తెలంగాణమునకు ఇదియే తగిన పుస్తకమని నా తలంపు. చేపపిల్లలను వల్లెవాటుగా పట్టి చంపుటను, నీటిలో విషము కలుపుటను అతడు నిరసించెను. 1897 నాటి శాసనము విషమును, మందుగుండును నిషేధించెను. హైదరాబాదు సంస్థానమున ప్రత్యేక మత్స్యశాసనము 1357 ఫసలీలో, అనగా 1947-48లో వచ్చినది.

1946లో కబినీ నదిలో 120 పౌనుల మహసీరు గాలమునకు చిక్కినది. అది కావేరీ జాతి. ఆ నదిపై భీమేశ్వరి వద్ద వేటగాండ్ర విడిది వెలసి, నదిని ఎరిగిన గ్రామస్థులే దారిచూపువారైరి. ఏ రాతి వెనుక సుడి యున్నదో, రాగి ముద్దను ఎచ్చట జారవిడువవలెనో వారే చెప్పవలెను. ధనవంతుడైన వేటగాడు పరిచారకుని మాట వినుచు నిలుచును. 2010 తరువాత అభయారణ్య నిబంధనల వలన ఆ వేట ఆగినది, వారి జీవనోపాధియు పోయినది. అంతకుముందే 1970 తరువాత, లోణావలాలో పెంచిన దక్కను మహసీరు పిల్లలను ఇతర నదులలో విడిచిరి. కావేరిలో అవి వృద్ధియై, అచ్చటి మూపు మహసీరు క్షీణించినది. 2018లో ఆ చేప అంతరించు ప్రమాదము మిక్కిలిగా గలదని అంతర్జాతీయ సంఘము ప్రకటించెను. మన నదుల చేప పొరుగు నదికి చుట్టమై పోయి, ఇంటివానినే వెడలగొట్టినట్లయినది.

మరి స్వస్థలమున దాని గతి యేమి? మహసీరునకు పారు నీరు, గులకరాళ్లు కావలెను; వరదకు ఎదురెక్కి గ్రుడ్లు పెట్టును. 1963లో నెహ్రూ పండితుడు పోచంపాడు ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. ఆ నీటి వలననే ఈ సీమ పొలములు పచ్చబడినవి. దానిని తప్పుపట్టువాడను కాను. కాని ఆనకట్ట వెనుక పారు నది నిలువనీరయ్యెను. ఇప్పుడచ్చట బొచ్చె, రవ్వ పిల్లలను విడిచి పెంచుచున్నారు, వలల హక్కు సహకార సంఘములది. నదికి ఎదురెక్కు చేపకు మాత్రము దారి లేదు.

కందకుర్తి మొదలు పోచంపాడు వరకు ఆనకట్టకు పూర్వపు గోదావరిలో గాలము వేసిన పెద్దలు నేడు ఎనుబదియేండ్లవారు. ఏ మడుగు పేరేమి, ఏ నెలలో ఏ చేప ఎరకు వచ్చెడిది, దానికేమి ఎర వేసెడివారు అనునవి వారి నోటనే కలవు. ఈ ప్రసంగము వినుచున్న గంగపుత్ర, బెస్త కుటుంబముల వారు మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక నోటు పుస్తకమున మడుగు పేరు, ఏ యొడ్డు, ఎంత లోతు, ఏ చేప, చెప్పినవారి పేరు వరుసగా వ్రాయించి, గ్రామ పాఠశాలలో ఒక ప్రతి నుంచవలెనని నా ప్రార్థన.