బుధవారపు శ్రోతలు

1952లో కేంద్ర ప్రసార మంత్రియైన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాభిమానాతిశయముచే సినీగీతములను ఆకాశవాణినుండి దాదాపు వెడలగొట్టగా, శ్రోతలు సముద్రమున కావలనున్న రేడియో సిలోనుకు చెవి యొగ్గిరి. నిషేధమునకు మించిన ప్రచారకుడు లేడు గదా! ఆ యేటనే వ్యాఖ్యాత అమీన్ సయానీ బొంబాయిలో ధ్వనిముద్రణ గావించి కొలంబోకు పంపుచు ‘బినాకా గీత్‌మాలా’ యను సినీగీతముల కార్యక్రమము నారంభించెను. ఏడు పాటలు వినిపించి, వాని సరియైన క్రమము నూహించి వ్రాయుడని పోటీ పెట్టినంతనే ఉత్తరములు వేలకువేలు వచ్చిపడినవి.

శ్రోతలను రాబట్టుట యొక యెత్తు, నిలుపుకొనుట యొక యెత్తు. లేఖల వెల్లువకు తాళజాలక పోటీని మాని, ప్రతి బుధవారము రాత్రి ఏ పాట యే మెట్టెక్కెనో ప్రకటించు పద్ధతి నవలంబించి, అందుకై రికార్డుల విక్రయములనే గాక శ్రోతృసంఘముల యభిప్రాయములను సైతము గణించుటచే, వినువాడే నిర్ణేతయయ్యెను. సోదరులకన్న ముందు సోదరీమణులను సంబోధించు సయానీ యాత్మీయకంఠము నెట్లు మరువగలము? 1957లో ఆకాశవాణి పట్టు సడలించి, సినీగీతములకు చోటిచ్చు వివిధభారతిని నెలకొల్పినను, గీత్‌మాలా మరి మూడు దశాబ్దములు సిలోనునుండియే సాగెను.