గోపురం ముందు కుటుంబం: తిరుమల వీధి ఫొటోగ్రాఫర్ల వృత్తి, కళ

వ్యాససంగ్రహం:
తిరుమల ఆలయ మహాద్వారం ఎదుట యాత్రికులకు ఫొటోలు తీసే వీధి ఫొటోగ్రాఫర్ల పనిని ఛాయాచిత్రకళా చరిత్రలో భాగంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దైవసన్నిధితో తన రూపాన్ని ముడివేసుకోవాలనే కోరిక రాజుల ప్రతిమల నుంచి సామాన్యుల ఫొటోల వరకు ఎలా సాగిందో, ఆ ఫొటో వెనుక ఎలాంటి నైపుణ్యం ఉందో ఇందులో చర్చించడమైంది.

కీలకపదాలు: తిరుమల, వీధి ఫొటోగ్రఫీ, ప్రతిమ, యాత్ర, వృత్తిచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
రాయలసీమ పల్లెల్లో పాత ఇళ్ల గోడలమీద తరచు కనిపించే ఫొటో ఒకటుంది. వెనుక తిరుమల గోపురం, ముందు వరుసగా నిలబడిన కుటుంబం, గుండ్లమీద గంధం, తల్లి చంకలో పసిబిడ్డ. ఎక్కడ తీశారో చూడగానే తెలుస్తుంది. ఎవరు తీశారో ఆ ఇంటివారికి కూడా తెలియదు. మన కళాచరిత్ర చర్చల్లోనూ ఆ మనిషి ప్రస్తావన అరుదు.

కళావిమర్శలో వీధి ఫొటోగ్రాఫర్ అంటే వీధిలో కంటబడిన జీవితాన్ని ఎదుటివారు గమనించకముందే పట్టుకునేవాడు. ఆన్రి కార్టియే బ్రెసాఁ 1952లో వెలువరించిన పుస్తకం తరువాత 'నిర్ణాయక క్షణం' అనే భావన ఈ కళకు కొలమానంగా స్థిరపడింది. తిరుమల ఫొటోగ్రాఫర్ పద్ధతి వేరు. అతడు యాత్రికులు కోరితేనే కెమెరా ఎత్తుతాడు. వారిని నిలబెట్టి, సర్ది, క్షణాన్ని తానే కూరుస్తాడు. ఈ కొలమానంతో చూస్తే అతని పని కళగా కనిపించదు. అందువల్ల దానికి తగిన నేపథ్యాన్ని స్థానిక చరిత్రలోనే వెతకాలి.

2. ప్రతిమ నుంచి ఫొటోకు:
శ్రీకృష్ణదేవరాయలు 1513లో తొలిసారి తిరుమలను దర్శించాడు. ఆలయంలో మహాద్వారం దాటగానే, తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడిన ఆయన కంచు ప్రతిమలు చేతులు జోడించి నిలిచి ఉన్నాయి. అచ్యుతరాయల శిలాప్రతిమ, వెంకటపతిరాయల రాగి ప్రతిమ కూడా అక్కడివే. రాజు రాజధానికి తిరిగివెళ్లినా ఆయన రూపం సన్నిధిలోనే ఉండిపోయింది.

సామాన్య యాత్రికుడి ఫొటోలో ఈ కోరిక దిశ మార్చుకుంది. రాజు తన రూపాన్ని కొండమీద ఉంచి వెళ్లాడు. యాత్రికుడు కొండనే తన ఇంటికి తెచ్చుకుంటాడు. ఆలయంలోకి కెమెరాలను అనుమతించరు. కనుక ఫొటోలో స్వామికి బదులు గోపురం నిలుస్తుంది. ఈ ఏర్పాటులో ఒక విశేషం ఉంది. యాత్రికులు గోపురానికి వీపు పెట్టి, కెమెరాకు అభిముఖంగా నిలబడతారు. రేపు ఆ ఫొటోను చూడబోయే బంధువులకే వారు తమ దర్శనాన్ని చూపుతున్నారు.

1944లో ఘాట్ రోడ్డు ప్రారంభమయ్యాక, నడకదారి ఎక్కలేని వృద్ధులు, పసిపిల్లలతో సహా కుటుంబమంతా కొండకు చేరడం సులభమైంది. కుటుంబ ఫొటోకు కావలసిన మనుషులు ఒకేచోట చేరడానికి ఈ మార్పు తోడ్పడిందని భావించవచ్చు.

3. పనితీరు, నైపుణ్యం:
ఎత్తయిన గోపురాన్ని శిఖరం వరకు, దాని ముందున్న మనుషులను ముఖాలు పోల్చుకునేంత పెద్దగా ఒకే చట్రంలో ఇమడ్చడం ఈ పనిలోని మొదటి చిక్కు. మనుషులను గోపురానికి దూరంగా, కెమెరాకు దగ్గరగా నిలబెట్టి, కెమెరాను కిందికి దించితే అది కుదురుతుంది. రెండవ చిక్కు వెలుతురు. ఆలయం తూర్పుముఖంగా ఉంది. ఉదయం ఎండ గోపురంమీద, ముఖాలమీద సమంగా పడుతుంది. సాయంత్రం సూర్యుడు గోపురం వెనక్కి చేరడంతో ముఖాలు నల్లబడతాయి. రాత్రి దీపాల అలంకరణ కనబడాలంటే ముఖాలకు ఫ్లాష్, గోపురానికి ఎక్కువసేపు తెరిచిన షట్టర్ కావాలి. వీటితోపాటు ఏడ్చే బిడ్డను, తొందరపడే పెద్దలను, అడ్డుగా నడిచే జనాన్ని గమనించుకోవాలి.

సాధనాలు మారినకొద్దీ వృత్తి కూడా మారింది. రీలు కెమెరా కాలంలో తీసిన ఫొటోను కడిగించాకగాని ఫలితం తెలిసేది కాదు. యాత్రికులు మళ్లీ వచ్చేవారు కారు, కాబట్టి తప్పుకు తావు ఉండేది కాదు. డిజిటల్ కెమెరాతో, చిన్న ప్రింటరుతో నిమిషాల్లో ఫొటో చేతికందింది. సెల్‌ఫోన్ వచ్చాక ప్రతి కుటుంబంలోనూ ఒక ఫొటోగ్రాఫర్ ఉన్నాడు.

4. భద్రపరచిన చరిత్ర, చెదిరిన చరిత్ర:
ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844-1905) నెగెటివులమీద పేరు, సంఖ్య వేసేవాడు. ఆయన గాజుపలకలు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అందువల్లే ఆయనపై పరిశోధన సాధ్యమైంది. తిరుమల ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో యాత్రికునితో వెళ్లిపోతుంది. జీవితకాలపు కృషి వేల ఇళ్ల గోడలమీద చెదిరిపోయి, అతని దగ్గర ఏమీ మిగలదు. సంతకం లేని పనిని చరిత్ర గుర్తించడం కష్టం.

ముగింపు:
తిరుమల వీధి ఫొటోగ్రాఫర్లు ఒకప్పుడు రాజులకే దక్కిన రూపగౌరవాన్ని సామాన్యులకు అందించారు. వారి చరిత్రకు ఆధారాలు రెండు చోట్ల ఉన్నాయి: ఇళ్ల గోడలమీది ఫొటోలలో, వృత్తిలో మిగిలిన పెద్దల జ్ఞాపకాలలో. ఫొటోలు ఏటేటా వెలిసిపోతున్నాయి, ఆ పెద్దలు తగ్గిపోతున్నారు. చిత్తూరు, తిరుపతి జిల్లాల కళాశాలల విద్యార్థులు తమ ఇళ్లలోని ఒక్కొక్క ఫొటోను తేదీతో, అందులోనివారి వివరాలతో నమోదు చేసినా ఈ పరిశోధనకు పునాది పడుతుంది.