తువ్వాలు కప్పిన కెమెరా

ఉప్పాడలో మా అమ్మమ్మ గదిలో గోడకి చిన్న కెమెరా ఉంది. 2023 సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేనే బిగించాను. నేను హైదరాబాదు తిరిగొచ్చిన రెండో రోజు నుంచీ దాని మీద తువ్వాలు వేలాడుతోంది. ఫోన్లో యాప్ తెరిస్తే ఎర్ర గళ్ళు కనిపిస్తాయి, అంతే.

"ఎవడు చూత్తాడ్రా అందులోంచి?" అని బిగిస్తున్నప్పుడే అడిగింది. "ఎవరూ చూడరమ్మమ్మా, నువ్వు చాలాసేపు కదలకపోతే అదే నాకు మెసేజ్ పంపుతుంది" అన్నాను. ఆ జవాబుతో ఆవిడ కుదుటపడుతుందనుకున్నాను.

పెద్దవాళ్ళు కొత్త పరికరాలని ఎందుకు ఒప్పుకోరన్న దాని మీద బోలెడు పరిశోధన ఉంది. కోపంతోనో ఉడుకుమోత్తనంతోనో కొంత చదివాను. ఆ 'యాక్సెప్టెన్స్' అనే మాట పట్టుకుని వెనక్కి వెళ్తే ఫ్రెడ్ డేవిస్ దగ్గర ఆగుతాం. 1986లో ఎంఐటీలో ఆయన రాసిన థీసిస్‌తో మొదలైంది టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్. వస్తువు పనికొస్తుందనిపించాలి, వాడడం తేలికనిపించాలి. ఈ రెండూ ఉంటే మనిషి ఒప్పుకుంటాడు. 1989 నాటి వ్యాసంలో ఈ కొలతలని పరీక్షించింది టొరంటో ఐబీఎం ల్యాబులో 112 మంది మీద, బోస్టన్‌లో సాయంత్రాలు ఎంబీఏ చదివే 40 మంది మీద. అడిగింది ఈమెయిల్ గురించి, ఫైల్ ఎడిటర్ గురించి, గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ గురించి. అంటే అచ్చం నాలాంటి వాళ్ళని. ఆఫీసులో పుట్టిన ఆ కొలబద్దనే తర్వాత ముసలివాళ్ళ పడకగదుల్లోకి మోసుకెళ్ళారు. 2014లో హాంకాంగ్‌లో కె చెన్, అలన్ చాన్ 55 దాటిన 1,012 మందిని అడిగి చూస్తే, పనికొస్తుందా, తేలికా అన్న లెక్క కంటే వయసు, చదువు, ఆరోగ్యం, భయం, పక్కన సాయం ఉండడం లాంటివే వాడకాన్ని బాగా వివరించాయి. నన్నడిగితే ఈ జాబితాలో అసలైనది చివరిదే.

నా కెమెరాకి పూర్వీకురాలు ఒక మీట. ఆండ్రూ డిబ్నర్ అనే సైకాలజిస్టు, ఆయన భార్య సూసన్ కలిసి 1974లో అమెరికాలో లైఫ్‌లైన్ అనే సంస్థ పెట్టారు. ఒంటరిగా ఉండే పెద్దావిడ మీట నొక్కితే ఆసుపత్రిలో ఒక మనిషికి తెలుస్తుంది. ఆ మనిషి ఇంటికి ఫోన్ చేస్తుంది, పలక్కపోతే ముందే రాసిచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళని పంపిస్తుంది. ఆ చరిత్ర చదివేటప్పుడు నేను మీటనే చూశాను. పొరుగువాళ్ళని చూడలేదు.

మన దగ్గర ముసలివాళ్ళు యంత్రాన్ని కాదన్నారంటే చరిత్ర ఒప్పుకోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛను ఇవ్వడానికి వేలిముద్ర స్మార్ట్ కార్డులు వచ్చాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఎనిమిది జిల్లాల్లో 157 మండలాల్లో దాన్ని పరీక్షించారు (మా తూర్పు గోదావరి అందులో లేదు). డబ్బు మధ్యలో కారిపోవడం తగ్గింది, లబ్ధిదారుల్లో అత్యధికులు కొత్త పద్ధతే కావాలన్నారు. కానీ ఆ యంత్రం పట్టుకుని కూర్చున్నది ఎవరు? ఆ ఊరి డ్వాక్రా సంఘంలోని మహిళ అయి ఉండాలన్నది నిబంధన. వేలిముద్ర పడలేదని డబ్బు ఆపేయాలన్న పట్టుదల కూడా అప్పట్లో లేదు.

అమ్మమ్మవి నలభై ఏళ్ళు కండెలు చుట్టిన వేళ్ళు. 2009లో ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, అమ్మమ్మ వేళ్ళని యంత్రం గుర్తుపట్టదు. మా వీధిలో తాళ్ళు లాగిన చేపలవాళ్ళ వేళ్ళూ అంతే. 2020 ఫిబ్రవరి 1 నుంచి వాలంటీర్లు పింఛను ఇంటికే తెచ్చారు. వచ్చే పిల్ల అమ్మమ్మ వేలు పైటచెంగుతో తుడిచి, ఇంకో వేలు పెట్టించి, అదీ పడకపోతే కనుపాప తీసుకుని, ఈలోగా మందులు వేసుకున్నావా అని అడిగేది. అమ్మమ్మకి అది సతాయింపుగా తోచలేదు. ఒకటో తారీఖు తెల్లారకముందే తయారై కూర్చునేది.

2024 ఎన్నికల ముందు వాలంటీర్లని ఆ పని చేయొద్దన్నారు. ఏప్రిల్లో సచివాలయం దగ్గర ఇచ్చారు. మేలో చాలామందికి నేరుగా బ్యాంకు ఖాతాలో వేశారు. ఇంజనీరుగా చెప్తున్నాను, ఇంతకంటే శుభ్రమైన డిజైన్ లేదు. వేలిముద్ర అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు, సెకన్లలో పని. అమ్మమ్మ మాత్రం మండుటెండలో ఆటో ఎక్కి బ్యాంకుకి వెళ్ళింది, డబ్బు నిజంగా పడిందో లేదో కళ్ళతో చూసుకోడానికి. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "ఇంటికొచ్చే పింఛను ఎందుకు ఆపేశార్రా, నేనేం తప్పు చేశాను?" అంది. జులై 1న సచివాలయం ఉద్యోగులు గుమ్మంలోకొచ్చి మూడు నెలల పెంపుతో కలిపి ఏడు వేలు ఇచ్చేదాకా ఆ అనుమానం పోలేదు.

ఆ ఆగస్టులో ఆవిడ పెరట్లో జారిపడింది. కెమెరా మీద తువ్వాలుంది. లేకపోయినా పెరడు దానికి కనిపించదు. స్మార్ట్ వాచీ కొన్నాను, అది మేకుకి తగిలించి ఉంది. పక్కింటి పిన్నికి మాత్రం పొద్దున్నే గిన్నెల చప్పుడు వినపడలేదని అనుమానమొచ్చింది. గోడ పక్కనుంచి పిలిచి, పలక్కపోయేసరికి వచ్చి చూసింది. 108కి ఫోన్ చేసింది కూడా ఆవిడే. నాకు తెలిసేసరికి కాకినాడలో కట్టు కూడా కట్టేశారు. నేనప్పుడు మీటింగులో ఉన్నాను, ఫోన్ సైలెంట్లో ఉంది. కెమెరా మెసేజ్ పంపినా చూసేవాణ్ణి కాదు.

"ఎవరూ చూడరు" అని ఆవిడకి చెప్పింది అక్షరాలా నిజమే.

ఇప్పుడు యాప్‌లో పిన్ని ఫోన్ కూడా చేర్చాను. ఆవిడ దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు, గోడ మీంచే పిలుస్తుంది. తువ్వాలు అలాగే ఉంది. ఒకటో తారీఖున మాత్రం తెల్లవారి అది తొలగిపోతుంది. అమ్మమ్మ మంచం మీద కూర్చుని, వచ్చిన ఉద్యోగిని పక్కకి జరగమని, నోట్లు కెమెరాకేసి పట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెడుతుంది. ఎనిమిది ఐదువందల నోట్లు. "చూత్తున్నావా?" అని గట్టిగా అరుస్తుంది. ఆ పూటకి నేను అలారం పెట్టుకుంటాను.