చావనొల్లని కణం

జనవరి మధ్యాహ్నం, సిడ్నీలోని బోండై తీరం. ఇసుకలో పడుకున్న ఒక తెల్లజాతి మనిషి భుజం కందిపోతోంది. ఆ చర్మం అడుగుపొరలో, ఒక కణం కేంద్రకంలో ఉన్నారు మీరు.

అతినీలలోహిత కిరణం తాకింది. డీఎన్ఏ పోగులో పక్కపక్కనున్న రెండు థైమీన్ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అదిగో, అక్కడ ఇంకో జత. ఆ వెనకాల మరొకటి. డీఎన్ఏకు నకలు తీసుకుంటూ వస్తున్న ఎంజైములు ముందుకు కదల్లేక ఆగిపోయాయి.

ఇందాకటి వరకూ పీ53 ప్రోటీన్ ఇక్కడ పెద్దగా కనబడలేదు. అది తయారవుతూనే ఉంటుంది. ఎండీఎం2 అనే మరో ప్రోటీన్ దాన్ని పట్టి ఎప్పటికప్పుడు ముక్కలు చేయిస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఏటీఆర్ ఎంజైమ్ మేల్కొని పీ53కి ఫాస్ఫేట్ తగిలించింది. ఎండీఎం2 పట్టు జారింది. చూస్తుండగానే కేంద్రకమంతా పీ53 నిండింది, నాలుగేసి జట్టుకట్టి డీఎన్ఏను పట్టుకుంటోంది.

మొదట విభజన ఆపించింది, మరమ్మతుకు వ్యవధి ఇచ్చింది. కానీ గాయాలు మరీ ఎక్కువ. పీ53 పిలుపుతో, కణాన్ని చావు వైపు నడిపే ప్యూమా, నోక్సా జన్యువులు పని మొదలుపెట్టాయి.

వాటి ప్రోటీన్ల వెంట మైటోకాండ్రియా దగ్గరికి రండి. కాపలా ఉన్న బీసీఎల్-2ను ప్యూమా కట్టిపడేసింది. బ్యాక్స్ అనే ప్రోటీన్ మైటోకాండ్రియా పైపొరకు చిల్లులు పెట్టింది. ఇన్నాళ్లూ కణానికి శక్తి అందించడంలో పాలుపంచుకున్న సైటోక్రోమ్-సి బయటికి కారుతోంది. దాన్ని అందుకుని ఏడు ఏపాఫ్-1 అణువులు బండిచక్రంలా కూడుకున్నాయి. కాస్పేస్-9 ఎంజైమ్ లేచింది, అది కాస్పేస్-3ను లేపింది. డీఎన్ఏ తునాతునకలవుతోంది, కణం ముడుచుకుపోతోంది. దీన్ని నేను ఓటమి అనలేను. శరీరం కోసం ఒక కణం చేసే ఇంతకన్నా గొప్ప పని నాకు తెలియదు.

పక్క కణంలోకి తొంగి చూడండి. అక్కడా అవే గాయాలు, అదే ఏటీఆర్. కానీ ఏనాటి ఎండకో దాని పీ53 జన్యువులో రెండు సైటోసీన్లు థైమీన్లయ్యాయి. ప్రోటీన్ కుప్పలుగా ఉంది గానీ డీఎన్ఏను పట్టుకోలేదు. ప్యూమాకు పిలుపు అందలేదు. కణం బతికిపోయింది. చుట్టూ బుద్ధిగా చనిపోయిన కణాలు ఖాళీ చేసిన చోటులోకి విభజన చెందుతూ వ్యాపిస్తోంది.

యేల్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ బ్రాష్ బృందం 1994లో తేల్చిన విషయం ఇదే: ఎండ పీ53ని చెడగొట్టడంతో ఆగదు, చెడిన కణానికి చోటు కూడా కల్పిస్తుంది. ఇలాంటి గుంపుల్లో చాలావాటి నుంచి క్యాన్సర్ రాదు. కానీ మళ్లీ ఎండ తగిలితే చచ్చేది పక్కనున్న మంచి కణాలే.