ఇరుసు గూటిలోని చమురు



కళ్లమున బంతి కట్టి త్రొక్కించునప్పుడు గుంజకు దగ్గరనున్న యెద్దు మెల్లగా నడవగా, చివరనున్న యెద్దు పరుగువంటి నడక నడచుట మీరెరిగినదే. బండి మలుపు తిరుగునప్పుడును అంతే. వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలయును. మన యెడ్లబండికి దీనివలన చిక్కు లేదు. ఇరుసు కదలదు, చక్రములు దానిపై దేనికది తిరుగును. కందెన యున్నంతవరకు అంతయు సుఖమే. కాని యెద్దులు లాగుటకు బదులు యంత్రమే చక్రములను త్రిప్పవలసి వచ్చినప్పుడు ఈ చిన్న సంగతి పెద్ద సమస్య యయ్యెను. రెండు చక్రములను ఒకే యిరుసునకు బిగించి త్రిప్పినచో మలుపులో ఒకటి నేలపై నీడ్వబడును. ఒక్కదానినే త్రిప్పినచో బండి ఒక ప్రక్కకు లాగును.

ఈ ముడిని విప్పినవారిలో ఫ్రాన్సు దేశీయుడగు ఒనెసిఫోర్ పెకర్ ముఖ్యుడు. ఆతడు 1820ల తుదిని ఆవిరిబండి కొరకు ఒక పండ్లచక్రముల కూర్పును కల్పించెను. పిమ్మట 1877లో ఇంగ్లండునందలి కోవెంట్రీ పట్టణమున జేమ్సు స్టార్లీ యను నాతడు త్రొక్కుడు బండికి అట్టి కూర్పునే అమర్చెను. తండ్రీకొడుకులు ప్రక్కప్రక్కన గూర్చుండి త్రొక్కుచుండగా, కొడుకు బలము మిక్కుటమై బండి ప్రక్కకు మళ్లి, తండ్రి మన దురదగొండివంటి మొక్కలలో పడెననియు, ఆ దురదయే యుపాయమును తోపించెననియు చెప్పుదురు. కథ యెట్లున్నను ఉపాయము గొప్పది. ఇరుసును నడుమ రెండు తునుకలు చేసి, ఆ చోట నొక గూడు కట్టి, అందు చిన్న పండ్లచక్రముల నుంచిరి. యంత్రము గూటిని త్రిప్పును. ఒక తునుక వేగము తగ్గిన మేరకు రెండవదాని వేగము హెచ్చును. రెంటి సగటు మారదు. అన్నదమ్ముల పంపకములకంటె ఇది న్యాయమైన పంపకము. దీనినే డిఫరెన్షియల్ అందురు.

పండ్లచక్రములు ఒరసికొని అరిగిపోకుండ గూటిలో చమురు పోయవలెను. సంస్కృతమున తిలలనుండి వచ్చినది గనుక తైలమనిరి; నేడు భూమినుండి తోడినదానికిని ఆ పేరే చెల్లుచున్నది. అది యట్లుండనిండు. తిరుగుచున్న యిరుసు గూటినుండి బయటికి వచ్చు చోట చమురు కారకుండ నాపుట యెట్లు? తొలుత తోలు వలయములు వాడిరి. పిమ్మట కృత్రిమ రబ్బరు వలయములు వచ్చెను. వీనిని సీళ్లు అందురు. సీలు పెదవి ఇరుసును సన్నగా అంటియుండి చమురును లోపలనే నిలుపును.

స్టార్లీ కల్పనకు 84 సంవత్సరముల తరువాత, ఆ కోవెంట్రీయందే జాగ్వార్ సంస్థవారు ఈ-టైపు అను స్పోర్ట్సు కారును నిర్మించి, 1961లో జెనీవా ప్రదర్శనమున లోకమునకు చూపిరి. గంటకు 150 మైళ్ల వేగము దానికి ప్రసిద్ధి. 1974 వరకు 70,000కు పైగా తయారయ్యెను. వారి పూర్వపు ఎక్స్‌కె కార్ల వెనుక ఇరుసు ఏకఖండము. దీనియందు మాత్రము ప్రతి చక్రమును స్వతంత్రముగా లేచి పడునట్లు చేసిరి. చక్రముతో కూడ వ్రేలాడు బరువు తగ్గినచో త్రోవ గతుకులలో కారు నిలకడగా నడచును. అందుచేత బ్రేకు డిస్కులను చక్రములయొద్ద నుంచక, నడుమనున్న గూటికి ఇరుప్రక్కల నానించి పెట్టిరి. ఆలోచన చక్కనిదే, గండమును అక్కడనే పుట్టినది.

బ్రేకు వేసినప్పుడెల్ల డిస్కు కాగును. గాలి చక్కగా తగులని చోట ఆ వేడి ప్రక్కనున్న సీలునకు సోకును. కాలక్రమమున రబ్బరు గట్టిపడి పగులును. అప్పుడు చమురు కారును. నేలపై పడినచో నేల మాత్రమే చెడును. ఇచ్చట చమురు చిందునది డిస్కుపైననే. చమురంటిన డిస్కును బ్రేకు పట్టజాలదు. అంతటి వేగముగల బండి ఆగవలసిన చోట ఆగకుండుటకంటె ఆపద యేమి కలదు? కాబట్టి యీ కారున వెనుక చమురుచుక్కను చూచి "పాతబండి గదా" యని యుపేక్షించుట తగదు.

కారినది ఏ ద్రవమో ముందు నిర్ణయింపవలెను. గూటి చమురు చిక్కగా నుండి గంధకపు వాసన గొట్టును. బ్రేకు ద్రవము పలుచన, రంగును తినివేయును. పిమ్మట గూటి పైభాగముననున్న ఊపిరి రంధ్రమును చూడవలెను. గూడు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి ఆ రంధ్రమున పోవలయును. మట్టిచే అది మూసికొనినచో గాలికి వేరు దారి లేక చమురును సీళ్లగుండ త్రోయును. అన్నపు కుండపై మూతను బిగించి గంజి పొంగుచున్నదని వంటమనిషిని తిట్టినట్లు, రంధ్రమును చూడకయే సీలును నిందించువారు కలరు. చమురు మితిమీరి పోసినను ఇట్టిదే యగును. కారు సమతలమున నుండగా పూరక రంధ్రపు అడుగంచువరకు వచ్చినచో చాలును.

ఈ రెండును సరిగానున్నను కారుచున్నచో సీళ్లు మార్చవలెను. పని చిన్నది కాదు. చక్రములను త్రిప్పు అరయిరుసులే యీ కారున చక్రములను నిలువబెట్టు పై చేతులుగా కూడ నుపయోగపడుచున్నవి. సాధారణముగా వెనుక చట్రమంతయు నాలుగు రబ్బరు దిమ్మెలనుండి విప్పి క్రిందికి దింపుదురు. అరయిరుసునకును డిస్కునకును నడుమనుండు పలుచని రేకులను ప్రక్కప్రక్కకు లెక్కపెట్టి, ఏ ప్రక్కవి ఆ ప్రక్కనే పెట్టవలెను. లేనిచో చక్రము వాలు మారును. ఇరుసు తునుకను మోయు బేరింగులు అరిగి యది ఊగుచున్నచో క్రొత్త సీలు వేసియు లాభము లేదు. పెదవి దానిని వెంబడింపలేదు. సీలు తగులు చోట ఇరుసుపై గాడి పడినదేమో వ్రేలితో తడిమి చూడవలెను. బేరింగులను మరల బిగించునప్పుడు వదులును తగదు, మితిమీరిన బిగువును తగదు. త్రిప్పుటకు పట్టు బలమును కొలిచి నిర్ణయింతురు. చమురు పీల్చిన బ్రేకు దిమ్మలను తుడిచి మరల పెట్టుట లోభము, పారవేయుటయే యుక్తము. 1957లో వెలువడిన వైటాన్ అను రబ్బరు పూర్వపు రబ్బరుకంటె ఎక్కువ వేడికి తాళును గనుక, ఈ పాత కార్లకు దానితో చేసిన సీళ్లను కోరువారు నేడు పెక్కురు.

జాగ్వార్ వారు ఈ అమరికను పలు కార్లలో వాడిరి. తుదకు 1986లో వెలువడిన క్రొత్త ఎక్స్‌జె కారున వెనుక బ్రేకులను గూటి ప్రక్కనుండి తీసి, చక్రములయొద్దకు చేర్చిరి.